రెండు చేతుల సాక్ష్యం

అది కాదు మాస్టారూ, మా పిల్ల ఒక ప్రశ్న అడిగితే జవాబు చెప్పేస్తే మీ సొమ్మేం పోయింది? మీకు తెలుసుగా? తెలిసి కూడా, "ఎలా కనుక్కుంటావమ్మా?" అని తిరిగి దాన్నే అడిగారట. కదలకండి, కత్తి గొంతు మీదుంది. ఈ కుర్చీలో కూర్చున్నంతసేపే కదా, మీరు ప్రశ్నలు వెయ్యకుండా నేను మాట్లాడగలిగేది.

మూడో క్లాసులో చురుకైన పిల్లల్ని ఏరి మీ దగ్గర కూర్చోబెట్టారంటే, అందులో మా అమ్మాయి కూడా ఉందంటే, షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. ఎక్కాలు గడగడా అప్పజెబుతుంది అనుకున్నాను. ఇదేమో ఇంటికొచ్చి, "నాన్నా, గీస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని నీకెవరు చెప్పారు?" అంది.

ఎవరు చెప్తారండీ? మా నాన్న చెప్పాడు. ఆయనకి వాళ్ల నాన్న. "వాళ్లు చూశారా?" అంటుంది. అన్నం ముందు కూర్చున్న మనిషిని అడగాల్సిన మాటేనా?

అసలు ఈ షాపు సగం ఆ మాట మీదే నడుస్తోంది. మూతి మీద నూగు కూడా సరిగ్గా రాని కుర్రాళ్లు దొంగచాటుగా వచ్చి గీయించుకుంటారు. తల్లులు పసిపిల్లల్ని ఎత్తుకొచ్చి, పల్చగా ఉంది, నున్నగా తీసెయ్యి అంటారు. నేను కూడా, గుబురుగా వస్తుందమ్మా, పూచీ నాది అంటాను.

గడ్డం కాస్త పైకెత్తండి.

అప్పట్నుంచి నా చేతులు నావి కావు. ఎడమ చెయ్యి వారం వారం గీసుకోవాలి, కుడి చెయ్యి ముట్టుకోకూడదు. బళ్లు తెరిచిన దగ్గర్నుంచీ ఇదే తంతు. రెండూ గీసేస్తే పోలేదా అన్నాను. "అప్పుడు దేంతో పోల్చి చూస్తావు?" అంది. నవ్వకండి మాస్టారూ, గాటు పడితే నన్ననకూడదు. నవ్వడానికి ఇంట్లో మా ఆవిడ ఉంది, చాలు.

చివరికి గీయడం ఆపించి, పెరగనిచ్చి, మీరిచ్చిన భూతద్దం పెట్టి చూసింది. రెండు చేతుల వెంట్రుకలూ ఒకటే లావు. నేనూ చూశాను. "మరి ఈ ఎడమ చెయ్యి గరుగ్గా తగులుతోందేమే?" అన్నాను, ఏదో ఒకటి మిగలకపోతుందా అని. "కోసిన చివర మొద్దుగా ఉంది నాన్నా, అంతే" అంది. అంతేనట.

రేపు బడిలో పెద్దవాళ్లందరి ముందూ ఇదే చెప్తుందట. ఆ పెద్దవాళ్లెవరు? నా గిరాకీలే. పైగా సాక్ష్యానికి నేను చొక్కా చేతులు మడుచుకుని పక్కన నిలబడాలి. అందుకే మిమ్మల్ని పట్టుకున్నాను, దానికి వేరే ప్రశ్న ఏదైనా ఇమ్మని. చీమల మీద ఇవ్వండి, వానపాముల మీద ఇవ్వండి. వాటికి షాపులుండవు.

అలా చూడకండి, అద్దంలో కనిపిస్తోంది. అవును, దాన్నీ అడిగాను, వేరేగా వచ్చిందని చెప్పకూడదా అని. కోప్పడలేదు. భూతద్దం నా చేతిలో పెట్టి, "నువ్వే మళ్లీ చూడు నాన్నా, నీకు వేరేగా కనిపిస్తే అలాగే చెప్తాను" అంది. ఏం చూడమంటారు?

సరే, నిజం చెప్పేస్తున్నా. నా బాధ గిరాకీ గురించి కాదు. గీసినా గీయకపోయినా జనం జుట్టు పెరుగుతూనే ఉంటుంది, నా పని ఎక్కడికీ పోదు. ఈ టోపీ ఉంది చూశారూ... ఇదిగో, తీశాను. పెళ్లైన ఏడాది నుంచీ, పల్చబడిన ఈ నడినెత్తిని తలుపేసుకుని రోజూ గీసుకుంటున్నాను మాస్టారూ, ఒత్తుగా వస్తుందని. మా ఆవిడతో చలవకి గీసుకుంటున్నానని చెప్పాను.

ఇవాళ పొద్దున గీసుకోలేదు. అద్దం ముందు నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను.

అయిపోయింది, మొహం తుడుచుకోండి. ఆ చీమల మాట మర్చిపోండి. రేపు వస్తాను, రెండు చేతులూ చూపిస్తాను, మా అమ్మాయి చెప్పింది నిజమేనని నేనే అంటాను. టోపీ మాత్రం తియ్యను, ఎందుకు తియ్యవని అది అడిగితే తప్ప.

అడుగుతుంది లెండి. మీ క్లాసు పిల్ల కదా.