యిహ్యా నింపిన ఖాళీలు

యిహ్యా గురించా? కూర్చో తిర్సా, ముందు ఆ అల్లం కాఫీ ఇలా ఇవ్వు. వాడు పోయి ముప్పై ఏళ్ళయినా ఈ యెరూషలేములో నన్నడిగేది వాడి గురించే. నేనూ మా ధర్మగ్రంథం తోరాని చేత్తో నకలు రాసినవాణ్ణే తల్లీ, అదెవరికీ గుర్తుండదు. ఒక్కో గ్రంథానికి ఏడాదిన్నర తోలు మీద వంగి మూడు లక్షల అక్షరాలు నేను రాసేవాణ్ణి. దేవుడి పేరు వచ్చిన ప్రతిచోటా ఖాళీ వదిలేవాణ్ణి. ఆ ఖాళీలు యిహ్యా వచ్చి నింపేవాడు. మా గురువుగారి ఏర్పాటు అది. "సాద్యా, నీ చేయి మంచిదే, మనసే ఒకచోట ఉండదు. ఆ పేరు రాసేటప్పుడు వేరే తలపు వచ్చిందా, గ్రంథమంతా చెల్లదు. రాసిన ఆ పేరు చెరపనూ కూడదు" అనేవారు. యిహ్యా ఏమో శుద్ధిగుండంలో మునిగి, తడి గడ్డంతో వచ్చి, "ఆ నామం పవిత్రత కోసం రాస్తున్నాను" అని పైకి చెప్పి రెల్లు కలం ముంచేవాడు. ఇక రాజు పిలిచినా పలక్కూడదు. నేనూరుకుంటానా? "ఒరే, మీ ఆవిడ ప్రసవించిందిరా!" అని కేకేశాను. కలం తడబడితే ఒట్టు. ఆ పేరులోని నాలుగక్షరాలూ ముగించి, "పెళ్ళయి పది రోజులే కదా సాద్యా" అన్నాడు. కోపం కూడా రాలేదు వెధవకి. నా కడుపు ఇంకా మండింది. గ్రంథాన్ని ఊరేగించిన రోజున మాంసం కొట్టు షాలోమ్, చదవడం సగమే వచ్చినవాడు, "యిహ్యా రాసిన తోరా!" అని ముద్దు పెట్టుకున్నాడు. నేను పక్కనే నిలబడి మిఠాయి పంచుతున్నాను.

చివరికి జబ్బు చేసి వాడి చేయి వణకడం మొదలైంది. అప్పటికి ఇంకో తోరాలో, చిట్టచివరి తోలు మీద, ఒక్క ఖాళీ మిగిలింది. వాడి భార్య రూమియా వచ్చింది. "సాద్యన్నా, అది మీరే రాయాలట. మీ అంత శుభ్రమైన చేయి ఇంకొకటి లేదంటున్నారు ఆయన" అంది. మూడుసార్లు మునిగాను. పవిత్రత మాట పైకి చెప్పాను. లోపల మాత్రం, "చూడరా యిహ్యా, నీకంటే బాగా రాస్తాను" అనుకుంటూనే నాలుగక్షరాలూ రాసేశాను. బాగా వచ్చాయి. నిజంగానే వాడి వాటికంటే బాగున్నాయి. వాడు మంచం మీది నుంచే చూసి ఏడ్చాడు. "మొదటి నుంచీ నీకే ఇవ్వాల్సిందిరా" అన్నాడు. చెల్లదురా అని చెప్పాలి కదా? చెప్పలేదు. వాడు పోయాకా ఎవరికీ చెప్పలేదు. ఏడాదికోసారి ఆ చివరి భాగం చదివే పండగ నాడు నాకు నడుం పట్టేస్తుంది, ప్రార్థనకు వెళ్ళను. వయసు అంటారు అందరూ. అదేమిటి తిర్సా, అలా చూస్తావు? ఈ కాఫీలో చక్కెర వేయలేదా?