జీవితాంతం గ్యారంటీ

మోంటానా కొండల మధ్య ఊళ్లో వేట సామాన్ల కొట్టు. పిల్లలు పెద్దల వెంట వెళ్లి వేటాడే ప్రత్యేక రోజులు మొదలవడానికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం. కౌంటరుకి అవతల కొట్టు యజమానురాలు వెర్నా, ఇవతల డేల్.

"ఆ బైనాక్యులర్స్ కాదు వెర్నా గారూ, దాని పక్కది. ఆకుపచ్చది."

"ముందు ఈ నల్లది చూడవయ్యా. దానికన్నా ఇరవై డాలర్లు తక్కువ. ఎనిమిది రెట్లు చూపిస్తుంది. మీ అమ్మాయి జోసీ వయసు పిల్లకి అంతకు మించితే చేతులు వణికి జింక కనపడదు, భూకంపం కనపడుతుంది."

"ఆకుపచ్చదీ ఎనిమిదేగా."

"ఎనిమిదే. కానీ ఈ నల్లది ఇంకా దగ్గరికి మడుచుకుంటుంది. చిన్న మొహం కదా, కళ్ల మధ్య ఎడానికి సరిపోకపోతే ఒక గుండ్రం బదులు రెండు కనిపిస్తాయి. పైన మందం రబ్బరు. రాతి మీద పడేసినా, వాగులో ముంచినా ఏమీ కాదు. ఉండు, పడేసి చూపిస్తాను."

"వద్దు. ఆకుపచ్చదే ఇవ్వండి."

"పిల్లని లోపలికి పిలువు. కళ్లు దానివైతే ఎంచేది నువ్వా?"

"బండిలో ఉండనివ్వండి. జలుబు చేసింది."

"జలుబు చేస్తే కళ్లు కనపడవా?"

"రేపు పొద్దున మా మామగారు వస్తున్నారు వెర్నా గారూ. మనవరాలికి పదేళ్లు నిండాయి, మొదటి జింకని తనే చూపిస్తానని ఏడాదిగా ఒకటే గోల. నాకు బోలెడు పనుంది, కాస్త తొందరగా..."

"క్లెమ్ వస్తున్నాడా! మంచి మనిషి. పోయినేడు జోసీ పుట్టినరోజుకి ఈ ఆకుపచ్చది కొన్నది ఆయనే కదా. నువ్వు నిలబడ్డ చోటే నిలబడి ఎర్ర పట్టీ కూడా వేయించాడు."

"అవును. అది పగిలింది."

"పగిలితే మళ్లీ కొనడమెందుకు? దానికి జీవితాంతం గ్యారంటీ. ఎలా పగిలిందని కూడా అడగరు. ముక్కలు పట్టుకురా, కంపెనీకి నేను పంపిస్తాను. కొత్తది ఇవాళే నీ చేతిలో పెడతాను, ఊరికే."

"ముక్కలు లేవు."

"అన్నీ అక్కర్లేదు. ఒక్క ముక్క చాలు."

"లేవన్నానుగా. పోయింది."

"ఇప్పుడే పగిలిందన్నావు."

"పగిలింది. తర్వాత పోయింది. వాగులో. వేసవిలో చేపలకి వెళ్లినప్పుడు. ఏంటమ్మా ఇది, కొట్టా, పోలీస్ స్టేషనా?"

"కోపమెందుకు? ముప్పై ఏళ్లుగా ఈ కొట్టు నడుపుతున్నాను. గ్యారంటీ ఉన్నదాన్ని డబ్బిచ్చి రెండోసారి కొన్నవాణ్ణి చూడలేదు. మన వాళ్లు చిరిగిన మేజోడు కూడా కంపెనీకి తిప్పి పంపే రకం."

"ఇప్పుడు చూడండి. ఇదిగో డబ్బు."

"వేట లైసెన్స్ తిరిగొచ్చిందా నీకు?"

"ఈ ఏడే వచ్చింది. రెండేళ్లు లాక్కున్నారు. అంతా మీ ఆయన పుణ్యం."

"కాలం కాని కాలంలో ఎల్క్ జింకని కాల్చావు. మా ఆరిన్ చూశాడు, వెళ్లి అధికారులకి చెప్పాడు."

"చచ్చిపోయినవాడి గురించి నన్ను మాట్లాడించకండి."

"అంటే పోయినేడు వేటకి నువ్వు అడవిలో అడుగు పెట్టలేదన్నమాట."

"లైసెన్స్ లేకుండా ఎలా పెడతాను?"

"సరే. ఇదేంటో చెప్పు."

"ఏంటది?"

"దగ్గరికి వచ్చి చూడు. కరవదులే."

"రబ్బరు ముక్క."

"ఆకుపచ్చ రబ్బరు. బైనాక్యులర్స్‌లో కంటికి ఆనించుకునే గుండ్రం, సగానికి చీలింది. పోయినేడు వేటలో ఆరిన్ తూటా తగిలి పడిపోయిన చోటికి రెండొందల గజాల పైన, గుట్ట మీద దొరికింది. అందరూ వెతికి వెళ్లిపోయాక, మంచు కరిగాక, మోకాళ్ల మీద పాకి ఏరుకున్నాను. పక్కన బండ మీద గాజు పొడి."

"ఎవరిదైనా కావచ్చు."

"కావచ్చు. అందుకే లెక్క చూశాను. ఈ ఆకుపచ్చవి పదహారు అమ్మాను. పదిహేను ఇళ్లకి వెళ్లి కళ్లారా చూసొచ్చాను, పదిహేనూ ఉన్నాయి. మీ ఇంటికి మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ మీ ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి పంపేసింది."

"మీ చెయ్యి పైకి తియ్యండి. కౌంటరు కింద ఏముంది?"

"ఆరిన్ తుపాకీ. రెండు గొట్టాలు, రెండూ నిండుగా ఉన్నాయి. చేతులు కౌంటరు గాజు మీద పెట్టు."

"మతిపోయిందా మీకు?"

"చెయ్యి చొక్కా కిందికి పోనివ్వకు! పోనివ్వకన్నానా!"

"అమ్మా! నా చెవి... నా చెవి!"

"చెవి ఉందిలే. పోయింది నీ వెనక గోడ మీది జింక తల. ఇంకో గొట్టం మిగిలే ఉంది. ఆ పిస్తోలు నేల మీద పెట్టి ఇటు తన్ను. నెమ్మదిగా. ఊఁ. ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చో."

"రక్తం కారుతోంది..."

"ఆ జింక గాజు కన్ను పగిలి పెంకు గీసుకుంది. ఆరిన్‌కి కారినదాంట్లో అది చెంచాడు లేదు. నోరు తెరిచి ఉన్నాడు, తెలుసా? నేను వెళ్లేసరికి నోట్లో మంచు పేరుకుపోయి ఉంది. వేలు పెట్టి తీశాను. మూడు లెక్కపెడతాను డేల్. ఒకటి."

"కాల్చకండి! చెప్తాను. జోసీ..."

"జోసీ ఏంటి? రెండు."

"జోసీ కాల్చింది! నేను కాదు. అప్పటికి తొమ్మిదేళ్లది, దానికేం తెలుసు? తుపాకీకి బిగించిన స్కోపు అద్దంలోంచి చూస్తోంది, జింక అనుకుంది... ట్రిగ్గర్ మీద వేలు పడిపోయింది."

"మెడలో బైనాక్యులర్స్ పెట్టుకుని తుపాకీలోంచి ఎందుకు చూసింది? పిల్లలకి ఇవి కొనేదే అందుకు కదరా! కాల్చదలుచుకోని దాని మీదికి తుపాకీ ఎత్తకూడదని!"

"అప్పటికే చెయ్యి జారి బండ మీద పడి పగిలాయి. అందుకే తుపాకీతో చూసింది. మా అమ్మ మీద ఒట్టు. దాన్ని కాపాడ్డానికే ముక్కలు ఏరి వాగులో పారేశాను. పసిదాన్ని ఏం చేస్తారు? చంపుతారా? బండిలోనే ఉంది. వెళ్లి కాల్చండి!"

"నోర్ముయ్."

"ఏడాదైంది అది నవ్వి. నిద్రలో కేకలేస్తుంది. పక్క తడిపేస్తుంది. చాలదా మీకు? ఇంకా ఏం కావాలి?"

"తొమ్మిదేళ్లా..."

"తొమ్మిదేళ్లు. తుపాకీ దించండి వెర్నా గారూ. మీ కాళ్లు పట్టుకుంటాను."

"లే. నా కాళ్లు ముట్టుకోకు. ఏడాది పాటు రోజూ ఒక మొహాన్ని ఊహించుకుని, దాన్ని పేల్చేయాలనుకున్నాను. అది పిల్ల మొహం కాదు. ఎప్పుడూ కాదు. తుడుచుకో ఆ రక్తం."

"నాన్నా?"

"జోసీ! బండిలో ఉండమన్నానా లేదా?"

"తుపాకీ పేలింది. నువ్వు చచ్చిపోయావనుకున్నా."

"పో బండిలోకి! పో!"

"దాని మీద అరవకు డేల్. రా తల్లీ. ఏం కాలేదు, నా చేతిలోనే పొరపాటున పేలింది. మీ నాన్న నీకు కొత్తవి కొనడానికి వచ్చాడు. ఇదిగో, ఆకుపచ్చవి. కళ్లకి పెట్టుకుని చూడు."

"నాకొద్దు వెర్నా మామ్మా."

"ఒక్కసారి. ఆ కిటికీలోంచి. ఒక గుండ్రం కనిపిస్తోందా, రెండా?"

"ఒకటే."

"జోసీ, పద ఇంటికి."

"కదలకు. రెండో గొట్టం ఇంకా నిండుగానే ఉంది. చూడు తల్లీ, నీ పాతవి చెయ్యి జారి పగిలాయట కదా. పర్లేదు. ఎవరి చేతిలోంచైనా జారతాయి. ఏదైనా జారుతుంది. నీ మీద నాకు కోపం లేదు. ఎప్పటికీ ఉండదు. అర్థమైందా?"

"జారలేదు మామ్మా. నాన్న బండకేసి కొట్టాడు."

"జోసీ! నోరు ముయ్!"

"ఎప్పుడు కొట్టాడమ్మా? తుపాకీ పేలకముందా, పేలాకా?"

"పేలాక. అప్పటిదాకా నా కళ్ల దగ్గరే ఉన్నాయి."

"మరి కళ్ల దగ్గర బైనాక్యులర్స్ ఉంటే, తుపాకీ ఎవరి దగ్గర ఉంది?"

"నాన్న దగ్గర. నాకు బాగా కనిపించింది మామ్మా. వేటవాళ్ల ఆరెంజ్ చొక్కా వేసుకుని, దుంగ మీద కూర్చుని, యాపిల్ కోసుకుంటున్నాడు. జింక కాదు నాన్నా, ఆరిన్ తాత అన్నాను. రెండుసార్లు చెప్పాను. 'తెలుసు, నువ్వు కళ్లు మూసుకో' అన్నాడు."