సైకాల్ అడిగే ప్రశ్న

ఆసుపత్రి మిత్రులారా, బంధువులారా, మంచులో కొండ దారులు దాటి నారిన్ నుంచి వచ్చిన ఊరివారలారా, సైకాల్‌ని సాగనంపడానికి మీరంతా వచ్చారు. రావలసిన అవసరం లేకుండా ఉంటే ఎంత బాగుండేది!

నేను సైకాల్ అత్తగారిని. భౌతికశాస్త్రం బోధించి రిటైరైన దాన్ని. కోడలిని మెచ్చుకునే అత్తను మన బిష్కెక్‌లో ఎవరూ నమ్మరు. పోనివ్వండి. నేను మెచ్చుకోవడానికి రాలేదు, ఏడవడానికి వచ్చాను. ఏడుపు రావడం లేదు, అందుకే మాట్లాడుతున్నాను.

సైకాల్ డాక్టరు. గుండెకు స్టెంట్ వేయించుకునే వాళ్ల పూర్వచరిత్ర నమోదు చేసే రిజిస్ట్రీ ఆమెది. అందులో ఒక ప్రశ్న ఉంది: ఇంతకుముందు పక్షవాతం వచ్చిందా? వచ్చిన మనిషికి రక్తం పలచబరిచే ఒక మందు ఇస్తే మెదడులో రక్తస్రావం కావచ్చు. అందుకని చికిత్సకు ముందే తెలియాలి. మనవాళ్లు చెబుతారా? చచ్చినా చెప్పరు! చెబితే పరువు పోతుంది, పిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయి.

ఒక గొర్రెల కాపరిని తెచ్చారు. తమ్ముళ్లందరూ ఒకే పాట: “మా అన్నకి ఏ జబ్బూ లేదక్కా, ఇనుప ముక్క!” సైకాల్ వాదించలేదు. టీ గిన్నె అందించింది. ఆయన ఎడమ చెయ్యి చాపాడు. పెద్దమనిషి టీ గిన్నెను ఎడమ చేత్తో అందుకుంటాడా? మనలో ఎవరైనా అందుకుంటామా? “ఇనుప ముక్కకి కుడివైపు తుప్పు పట్టినట్టుంది, బాబాయ్. ఎప్పటినుంచి?” అంది. ముసలాయన నవ్వాడు, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు, అన్నీ చెప్పాడు. మందు మార్చారు. బతికి ఇంటికి వెళ్లాడు.

పెళ్లి విందుల్లో కూడా ఆమెకి ఊరుకోవడం వచ్చేది కాదు. మా బావగారిని, అదిగో ముందు వరసలో కూర్చుని నన్ను గుర్రుగా చూస్తున్నారే, ఆయన్ని పట్టుకుని, “మామయ్యా, ఆ కాలు ఎందుకు ఈడుస్తున్నారు?” అని అడిగింది. “డాన్సు చేసి చేసి,” అన్నారు ఆయన. “డాన్సు చేసింది రెండు కాళ్లతో కదా, అలిసింది ఒక్కటేనా?” అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్లింది. బావగారూ, గుర్రుగానే చూడండి. చూడటానికి మీరున్నారు.

నిమిషాల్లో వచ్చి పోయిన పక్షవాతాన్ని ఎవరూ లెక్కపెట్టరు. ఆమె దాన్ని విడిగా రాసుకునేది. “వెళ్లిపోయింది అనుకోకండి, మళ్లీ రావడానికి దారి చూసుకుని వెళ్లింది,” అనేది.

ఇప్పుడు చెప్పలేనిది చెబుతాను. మా ఆయన పోయి ఏడాదైనందుకు పెట్టే విందు మొన్న జరిగింది. ఊరంతా వచ్చింది. కోడలే కదా అన్నీ చూడాలి? వండింది, వడ్డించింది, పెద్దల ముందు వంగి దణ్ణం పెట్టింది. విందు మర్నాడు పొద్దున వంటింట్లో కూలిపోయింది. ఆసుపత్రిలో మమ్మల్ని ఆ ప్రశ్నే అడిగారు. లేదు, లేదు అన్నాం, తెలియక, ఇంటిల్లిపాదీ. సైకాల్ ఇంటికి తిరిగి రాలేదు. ఆమె పక్క సీటులో పనిచేసే జిల్డిజ్ తర్వాత ఏడుస్తూ చెప్పింది: విందుకు ముందే ఒకసారి సైకాల్‌కి చెయ్యి పడిపోయి, మళ్లీ వచ్చిందట. “విందు అయిపోనీ, చూపించుకుంటా. అత్తయ్యకి చెప్పకు, పనంతా తన నెత్తిన వేసుకుంటుంది,” అందట.

వేసుకునేదాన్ని, తల్లీ. ఆ విందుని మంచులో పారబోసి నిన్ను ఎత్తుకెళ్లేదాన్ని. పోయినవాళ్లకి తొందరేముంది? మా ఆయన ఇంకో ఏడాది ఆగేవాడు కాదా?

మిత్రులారా, ఆమె కోసం లేచి కాసేపు మౌనంగా ఉందాం. లేవలేనివాళ్లు కూర్చునే ఉండండి. ఎందుకు లేవలేకపోతున్నారో మాత్రం, బయటికి వెళ్లేలోపు ఇక్కడున్న డాక్టర్లలో ఒకరికి చెప్పి వెళ్లండి.