ప్రొటీన్ చేయని ఆర్‌ఎన్‌ఏ కోసం కొట్లాడిన శోభారాణి గారు

2001 జూలై 9వ తేదీన శ్రీమతి శోభారాణి గారు పదోన్నతిపై మిర్యాలగూడ డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్ర ఉపన్యాసకులుగా బాధ్యతలు స్వీకరించారు. మానవ జన్యుపటం ముసాయిదా వెలువడిన సంవత్సరమది. మన డీఎన్‌ఏలో ప్రొటీన్లకు సూత్రాలున్న భాగం నూటికి రెండు పాళ్లు కూడా లేదు. మిగిలినదంతా చెత్త అని గైడ్లు రాసినవాళ్లు చేతులు దులుపుకున్నారు. శోభారాణి గారు అలా దులుపుకోలేదు. ప్రొటీన్ తయారుచేయని ఆర్‌ఎన్‌ఏలు కొన్ని ఏ జన్యువు పనిచేయాలో, ఏది మౌనంగా ఉండాలో శాసిస్తాయనీ, క్రోమోజోముల మడతల అమరికలో సైతం వాటికి పాత్ర ఉందనీ చదివి తెలుసుకుని, పాఠంలో చేర్చారు.

2006లో కోదాడకు బదిలీ అయ్యారు. అక్కడ ల్యాబులో నలుపు, నారింజ మచ్చల ఆడపిల్లి ఒకటి తిష్ఠ వేసింది. అటెండరు కొమురయ్య కర్ర అందుకుంటే, "ఆగు కొమురయ్యా, ఇయ్యాల పాఠం అదే!" అని దాన్ని బల్ల ఎక్కించారు. ఆడపిల్లి కణంలో రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. ఈ పిల్లిలో ఒకదానిపై నారింజ జన్యువు, రెండోదానిపై నలుపుది. ఒక ఆర్‌ఎన్‌ఏ వాటిలో ఒకదాన్ని కప్పేసి, ముడుచుకునేలా చేసి, దాని నోరు మూయిస్తుంది. నారింజ జన్యువు మూతపడ్డ చోట నలుపు, నలుపుది మూతపడ్డ చోట నారింజ. అదే కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకే అర్థమైంది. అంతా విన్న కొమురయ్య, "ఈ పిల్లి జీతం లేకుండ పాఠం చెప్పింది మేడం, జర పాలన్న పోద్దాం" అన్నాడు. ఆ పాల ఖర్చు మేడం గారే భరించారు.

2010లో సూర్యాపేటకు వచ్చారు. 2012 వార్షిక పరీక్షలో జన్యువుల మధ్యనున్న డీఎన్‌ఏ గురించి పెద్ద ప్రశ్న వచ్చింది. ఆమె విద్యార్థిని, త్రిపురారం గొర్లకాపరుల బిడ్డ విజయ, మేడం చెప్పినట్టే ఆర్‌ఎన్‌ఏల పని అంతా రాసింది. పేపర్లు దిద్దేవారికిచ్చే జవాబుల పట్టికలో, అంటే కీలో మాత్రం "నిరుపయోగం" అని ఉంది. సున్నా చుట్టారు, విజయ తప్పింది. పుస్తకాలు పట్టుకుని మూల్యాంకన కేంద్రానికి వెళ్లిన శోభారాణి గారితో అక్కడి అధికారి, "కరెక్టే కావొచ్చు మేడం. కీల లేదు గదా, మార్కులెట్ల వేస్తం?" అన్నారు. కరెక్టని తెలిసీ సున్నా ఉంచడాన్ని ఏమనాలి? నాకు ఒళ్లు మండింది, ఇవాళ్టికీ మండుతోంది.

"ఫెయిలైనంక ఇంకేం సదువు, గొర్లకాడికి రానీ" అన్నాడు విజయ తండ్రి ముత్తయ్య. సప్లిమెంటరీ గట్టెక్కితేనే ఆ పిల్ల చదువు సాగుతుంది. పరీక్షకు ముందు స్టాఫ్‌రూముకు వచ్చి, "మేడం, గదే ప్రశ్నొస్తే ఏం రాయాలె?" అని అడిగింది. శోభారాణి గారు కుర్చీ జరిపి ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"కీల ఉన్నదే రాయి బిడ్డా. నువ్వు పాస్ గావాలె. కొట్లాట నాకిడిచిపెట్టు."

విజయ అలాగే రాసి పాసైంది. శోభారాణి గారు రెండేళ్లు తిరిగి, ఎన్నో మాటలు పడి, ఈ మార్చిలో కీ మార్పించారు. విజయకు మాత్రం ఏ ఒక్కరూ పొరపాటైందని చెప్పలేదు. ఈ సంగతి పదవీ విరమణ సావనీరులో ఎందుకని సంపాదక మిత్రులు నన్ను వారించారు. ఎందుకు రాయకూడదు? నిజం చెప్పడమే వృత్తిగా బతికిన మనిషి నోట అబద్ధం చెప్పించాం!

ఈ జూన్ నెలాఖరున పదవీ విరమణ పొందుతున్న శోభారాణి గారు, తప్పని తెలిసిన మాటను ఇకపై ఏ బిడ్డ మేలు కోసమూ చెప్పవలసిన అగత్యం రాకుండా, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు జీవించాలని మనసారా కోరుకుంటున్నాను.

— ఉపేందర్, తెలుగు శాఖ