గోరు సందుల వాసన

ఫరీదుద్దీన్ నోరు ఉన్నన్ని రోజులు ఖతర్ల మెసయీద్ లేబర్ క్యాంపుల టీవీ అక్కర్లేకుండె. తొంభై అయిదుల ముచ్చట ఇది. జుమ్మా నమాజు అయినంక, అన్నాలు తిని, క్యాంపు గేటు ముంగట రఫీక్ చాయ్ కొట్టుకాడ అందరు కూసున్నరు. గుడివాడ సుబ్బారావు ఖాళీ హార్లిక్స్ సీస పట్టుకొని వచ్చిండు.

వాళ్ళమ్మ పెట్టి పంపిన ఆవకాయ సీస అది. పంపిన నెలకే ఆమె పోయింది. కంపెనీ లీవు ఇయ్యలే, కడసారి మొఖం సూడలే. అడుగున ఇంత మిగిలితే ఎవ్వరికి పెట్టలే, తను తినలే. మూత తీసుడు, వాసన సూసుడు, మళ్ళ మూత పెట్టుడు. గంతే.

"ఎవడు తిన్నాడో చెప్పండి. తిట్టను," అన్నడు.

సుబ్బారావు రూముల వండిపెట్టేటోడు ఫరీదుద్దీనే, ఆయనే దిగ్గున లేచిండు.

"నాకిడిసిపెట్టు సుబ్బారావన్నా. దొంగల్ని పట్టుడు నాకు కొత్తనా? దోహాల అరబ్బాయన ఇంట్ల వంట జేసేటప్పుడు, ఎండకాలం వాళ్ళు ఇంగ్లాండు పోతే నన్ను గూడ తోల్కపోయిండ్రు. చిన్న టౌను. పక్కింటి ముసలి దొరసాని మురబ్బా జేసింది, చర్చి జాతరల ఫస్టు ప్రైజు దానికే రావాలె. తెల్లారి సూస్తె సీస ఖాళీ! ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"నీ చాయ్ సల్లారింది," అన్నడు రఫీక్.

"అరె ఇను భాయ్! పోలీసోళ్ళు భూతద్దాలు పెట్టి ఊరంత గోకిండ్రు. మాఫీ, ఏం దొరకలే! నేను జెప్పిన, తెల్లోళ్ళు చెంచతోని తింటరు, దొంగతనంగ తినేటోనికి చెంచ ఏడ దొరుకుతది, ఏలు పెడ్తడు. మూడు సబ్బులతోని కడిగినా గోరు సందుల వాసన పోదు. అందర్ని లైన్ల నిలవెట్టుండ్రి అన్న. చర్చికాడ మొదలైన లైను టేషను దాటి సముద్రంలకు పోయింది!"

"సముద్రంల ఎట్ల నిలవడ్డరు?"

"పడవల మీద! రైలు ఆపిండ్రు, కిటికీలకెల్లి చేతులు బయట పెట్టిండ్రు, నేను ఉరుక్కుంట వాసన సూసిన. ఎవ్వనికాడ లేదు. ఇగ మిగిలింది ఎవడు? చౌరస్తాల గుర్రం మీద కూసున్న రాతిదొర! నిచ్చెనేసుకొని ఎక్కిన, ఏలు ముక్కుకాడ పెట్టుకున్న... మురబ్బా!"

"రాతిబొమ్మ తిన్నదా?"

"తిన్నది, ఒప్పుకున్నది! సిగ్గుతోని గుర్రం దిగి, ముసలామె కాళ్ళ మీద పడ్డది. ఇప్పటికి ఆ గుర్రం ఒక్కటే ఉంటది ఆడ."

అందరు కడుపులు పట్టుకొని నవ్విండ్రు. సుబ్బారావు నవ్వలే. సీస బల్ల మీద పెట్టిండు.

"ఫరీదూ, చెయ్యి ఇలా ఇవ్వు. కుడిది."

ఫరీదుద్దీన్ ఆ చెయ్యి లుంగీల దాసుకున్నడు. సుబ్బారావే గుంజి ముక్కుకాడ పెట్టుకున్నడు.

"అన్నా," అన్నడు ఫరీదుద్దీన్ సన్నగ, "చెంచ దొరకలే."

కొడ్తడనుకున్నరు. సుబ్బారావు కొట్టలే, ఇడువలే. కండ్లు మూసుకొని ఆ చేతి ఏళ్ళు అట్లనే ముక్కుకాడ పట్టుకొని కూసున్నడు. రఫీక్ పొయ్యి తగ్గించిండు.

"అన్నా, అసర్ నమాజు టైమైతున్నది. వజూ జేసుకోవాలె, చెయ్యి కడగాలె."

"అజాన్ అయ్యేదాకా ఉండనీరా," అన్నడు సుబ్బారావు.