లాగిన్ లేని ఇమేజ్

చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో ఓ చిన్న కంపెనీ వర్క్‌షాపు. ట్రామ్ టికెట్ యంత్రం ముందు పెద్ద ఇంజనీరు బ్లాంకా, మూడు నెలల కిందట చేరిన రాదిమ్.

“చూశారా బ్లాంకా గారూ, తొమ్మిది సెకన్లు! స్విచ్ వేసిన తొమ్మిదో సెకనుకి లినక్స్ లేచి కూర్చుంది!”

“చూశానయ్యా. ఇప్పుడు లోపలికి వెళ్ళు.”

“లోపలికా?”

“లోపలికే. ట్రామ్‌ల ఇన్‌స్పెక్టర్ హ్రుష్కా గారు పదకొండుకి వస్తారు. ఏదో ఒక స్టాపు పేరు మార్చి చూపించమంటారు. లాగిన్ అవ్వు.”

“యంత్రంలోకి ఎక్కించిన సాఫ్ట్‌వేర్ మూట, ఈ ఇమేజ్, ఎంత చిన్నదో చూశారా? పాతదాంట్లో మూడో వంతు...”

“రాదిమ్.”

“ఆఁ.”

“లాగిన్ ఏది?”

“తీసేశాను.”

“పోనీ మన కంప్యూటర్ నుంచి వెళ్దాం. ఆ దారయినా ఉంచావా?”

“చిన్న ఇమేజ్ కావాలన్నారు కదండీ.”

“కీబోర్డు పెడితే?”

“టికెట్ కొనేవాళ్ళకి కీబోర్డెందుకని...”

“ఇంకేం మిగిల్చావయ్యా అందులో?”

“‘ప్రయాణికులకు స్వాగతం’ అని తెర ఉంది. తెర బాగుంది కదండీ?”

“నీ తెర తగలెయ్య!”

“ఇమేజ్ మళ్ళీ కట్టేద్దామండీ. దాన్ని తయారుచేసే కంటైనర్ ఫైల్లో రెండు వరుసలు మారిస్తే కొత్త ఇమేజ్ వచ్చేస్తుంది.”

“ఎంతసేపు?”

“నలభై నిమిషాలు.”

“ఆయన ఇరవై నిమిషాల్లో వస్తున్నారు! ఇవాళ్టితో నీ మూడు నెలల పరీక్ష గడువు అయిపోతోంది, గుర్తుందా? ఇది పోతే నీ ఉద్యోగం పోయినట్టే.”

“గుర్తుండబట్టే రాత్రంతా నిద్ర పట్టలేదండీ.”

“అసలు లాగిన్ తీసెయ్యమని ఏ పెద్దమనిషి చెప్పాడు నీకు?”

“ఎవరూ చెప్పలేదు. కానీ... వద్దులెండి.”

“నాన్చకు.”

“ఫైల్లో పన్నెండో వరుస చదవండి.”

“ఏదీ... ‘బ్లాంకా గారూ, లాగిన్ తీసెయ్యడం నాకే అనుమానంగా ఉంది. తప్పయితే ఇక్కడే ఆపండి.’ ఇదెప్పుడు రాశావు?”

“సోమవారం. మిమ్మల్ని చూడమని పంపినప్పుడే. కింద మీరు రాసిందీ చదవండి.”

“‘చాలా బాగుంది. కానివ్వు.’”

“నాలుగు వందల వరుసలు పంపాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. అంత వేగంగా ఎలా చదివారా అనుకున్నాను.”

“వెటకారమా?”

“అయ్యో, లేదండీ!”

“సరే, తప్పు నాదే. ఒప్పుకుంటున్నాను. నువ్వు కట్టడం మొదలుపెట్టు. హ్రుష్కా గారిని నేను భోజనానికి లాక్కెళ్తా. మీగడ సాసులో మాంసం ముక్కలు కనిపిస్తే ఆయన గంట దాకా కుర్చీ వదలరు.”

“మరి నా ఉద్యోగం?”

“ఖాయమైపోయిందిలే, ఇందాక ఊరికే బెదిరించాను. పొద్దున నువ్వు నా బల్ల మీద పెట్టిన కాగితం అదేగా? కాఫీ తాగుతూ సంతకం పెట్టేసి పైకి పంపేశాను. ఆ ఏడుపు మొహం మాని పని చూడు.”

“బ్లాంకా గారూ... అది నా రాజీనామా అండీ. మీరు తరిమేసేలోపు నేనే పోదామని రాశాను.”