సాఫ్ చేసిన మొఖం

పెద్దపల్లిలో నిరంజన్ ఫోటో స్టూడియో. రెండు నెలలుగా అక్కడ పని నేర్చుకుంటున్న భూమిక, తను ఏరుకున్న ఫోటోలను ఆయన ముందు పరిచింది.

“తీసెయ్. గీ మునిగే సూర్యుణ్ని తీసెయ్. గా మేకపిల్లను సూత తీసెయ్.”

“మేకపిల్ల మంచిగుంది గద కాకా!”

“మంచిగుంటే కోసుకొని తిను. కరీంనగర్ల నీకు నౌకరి ఇచ్చేటోడు మేకపిల్లలను చూస్తడా? పోర్ట్‌ఫోలియో అంటే పది ఫోటోలు. ఒక్కోటి చెంప మీద కొట్టినట్టుండాలె. గిదేంది?”

“సిరిసిల్లల బట్ట నేసే సాంచా నడిపే మొండయ్య తాత. ఏలు తెగినప్పుడు తీసిన.”

“అబ్బ! నెత్తురు బట్ట మీదికి చిమ్మింది. గిది ఉంచు. గిది?”

“కల్లు కాడ కొట్లాట. సీసా పలగ్గొట్టి పొడుసుకున్నరు.”

“నీకు గివే దొరుకుతయా పోరి?”

“పెండ్లిండ్లకు నువ్వు పోతివి. నాకు గవే మిగిలినయ్.”

“సరే, ఉంచు. సాఫ్ చేసినయి ఏవి? మచ్చలు తీసుడు రాకుంటే నిన్నెవడు పెట్టుకోడు.”

“ఆఖరికి దాచిన. చూడు, మొఖం ఎట్ల మెరుస్తుందో!”

“... మమతారాణి ఫోటో నీకెక్కడిది?”

“మమతారాణి ఎవరు కాకా?”

“నా బిడ్డ! శ్రీరాంపూర్ల ఇచ్చిన నా బిడ్డ! సాఫ్ చెయ్యకముందుది ఏది?”

“వద్దు కాకా.”

“చూపియ్.”

“ముందుగాల కూసో.”

“భూమికా!”

“... గిదిగో.”

“పెదవి పలిగింది. కన్ను మూసుకపోయింది. మెడ మీద... మెడ మీద దాని మొగని ఏళ్ల అచ్చులు. ఎక్కడిదే గిది?”

“షాపు ఫోనుకు వచ్చింది. పేరు లేదు, మాట లేదు, ఉత్త ఫోటోనే. గిరాకీ అనుకున్న. మచ్చలు తీసి తిరిగి పంపిన.”

“తిరిగి పంపినవ్.”

“‘మంచిగ సాఫ్ చేసినం’ అని రాసిన.”

“షాపు పేరు మీద! నేను రాసిననుకుంటది గదనే! బాపు చూసిండు, తుడిసిండు, పంపిండు అనుకుంటది గదనే! దాని ఫోన్ అల్లుడు నరేశే ఎత్తుతుండు. మాట రాస్తే వాడు చదువుతడని ఫోటో పంపిందది! ఎన్నిసార్లు?”

“కాకా...”

“ఎన్నిసార్లు?”

“మూడు. మొదటిసారి బండి మీదికెల్లి పడ్డదేమో అనుకున్న.”

“మూడోసారి?”

“నువ్వే చెప్పినవ్ గద. మచ్చ ఎట్లొచ్చిందని గిరాకీని అడగద్దు, తుడిచెయ్యాలె అని.”

“నేనే చెప్పిన! నేనే నేర్పిన!”

“కాకా! ట్రైపాడ్ కింద పెట్టు! వద్దు, అద్దం... అయ్యో, చేతికి నెత్తురొస్తుంది!”

“రానీ. ఇయ్యాల గా నరేశ్ గాని ఏళ్లు ఒక్కొక్కటి ఇరుస్త. నా బిడ్డ మెడ పట్టిన చెయ్యి భుజం కాడికి నరుకుత. బండి తాళమియ్యి!”

“నాదే తప్పు కాకా. నేను సూత వస్త. నీ కాళ్లు మొక్కుత, ఒక్కనివి పోకు.”

“తాళం!”

“ఆగు, ఫోన్ మోగింది. గదే నంబర్. మళ్ల ఫోటో.”

“మళ్ల కొట్టిండా? ఎక్కడ కొట్టిండు? చెప్పవేందే!”

“గిది అక్క కాదు. మొగాయన. వంటింట్ల బోర్ల పడ్డడు. నెత్తి పలిగింది. పక్కన రోటి పొత్రం. అంత నెత్తురే కాకా.”

“... ఏమన్న రాసిందా?”

“ఈసారి రాసింది. ‘బాపూ, దీన్ని సాఫ్ చెయ్యకు.’”